తాష్కెంట్‌లో తక్కువ ఖర్చులో బస: ఇద్దరు పెద్దవాళ్ళకి 4 రాత్రులు, ఏది చూసి ఎంచుకోవాలి?

గోదారిగట్టు
అమ్మానాన్నలు అక్టోబరులో ఢిల్లీ మీదుగా ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్ వెళ్తున్నారు. తమ్ముడు సమర్‌ఖండ్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. వాడి దగ్గరికి రైల్లో వెళ్ళేముందు తాష్కెంట్‌లో 4 రాత్రులు ఉంటారు. ఇద్దరూ అరవై దాటినవాళ్ళు, శాకాహారులు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. గదికి రాత్రికి 3 వేల రూపాయలు, అంటే సుమారు 34 డాలర్లు దాటకూడదని అనుకుంటున్నాం. విమానం 13వ తేదీ తెల్లవారుజామున 1:40కి దిగుతుంది. యాప్ తెరిస్తే వందల గదులు, అన్నిటికీ రేటింగు 9 చుట్టూనే. తెలిసినవాళ్ళు దారి చూపించండి.

రాదారి_బెజవాడ
రేటింగు సంగతి తర్వాత, ముందు తేదీ సరిచేయండి. 13న తెల్లవారుజామున దిగేవాళ్ళకి 13 నుంచి బుక్ చేస్తే గది చేతికొచ్చేది ఆ మధ్యాహ్నం 2 గంటలకి. పెద్దవాళ్ళు పెట్టెలు పెట్టుకుని పదకొండు గంటలు రిసెప్షన్ సోఫాలో కూర్చోవాలి. 12 నుంచి బుక్ చేయండి. మీ లెక్క 4 కాదు, 5 రాత్రులు.

బుక్ చేశాక అంతటితో వదిలేయకుండా యాప్‌లోనే సందేశం పెట్టండి: "12 అర్ధరాత్రి దాటాక, 13 తెల్లవారుజామున 3 గంటలకి చేరతాం, విమానం నంబరు ఇది." ఇది పెట్టకపోతే 12 రాత్రి దాకా చూసి, రాలేదని రాసుకుని గది ఇంకొకరికి ఇచ్చేస్తారు. డబ్బు కూడా కట్ అవుతుంది. ఇంకో మాట, ఇంటివాళ్ళే నడిపే గెస్ట్‌హౌసుల్లో రాత్రంతా మనిషి ఉండడు, వీధి గేటుకి తాళం పడుతుంది. "24 గంటల రిసెప్షన్" అని ఉన్నా గేటు ఎవరు తీస్తారో, వాళ్ళ ఫోన్ నంబరేదో అడిగి తీసుకోండి. అక్కడి గడియారం మనకంటే అరగంట వెనక, అది కూడా గుర్తుంచుకోండి.

పాకాల_చెరువు
రిజిస్ట్రేషన్ గురించి ఎవరూ చెప్పలేదు. ఉజ్బెకిస్తాన్‌లో విదేశీయులు ఎక్కడ పడుకున్నా 3 రోజుల లోపు ఆ చిరునామాకి నమోదు కావాలి. లైసెన్సున్న హోటల్, హాస్టల్, గెస్ట్‌హౌస్ అయితే 'ఈ-మెహ్‌మోన్' అనే ప్రభుత్వ వ్యవస్థలో వాళ్ళే ఎక్కిస్తారు, చెకౌట్ అప్పుడు చిన్న కాగితం ఇస్తారు. కొన్నిచోట్ల అడిగితేగానీ ఇవ్వరు. కాబట్టి అడగండి, అందులో పాస్‌పోర్టు నంబరు, వచ్చిన తేదీ, వెళ్ళే తేదీ సరిపోయాయో లేదో అక్కడికక్కడే చూసుకోండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట, పేరు ఒకచోట ఉండేసరికి ఎక్కించేటప్పుడు తారుమారవుతుంటుంది.

తేదీల మధ్య ఖాళీ రాకూడదు. తాష్కెంట్ కాగితం 17న ముగిస్తే సమర్‌ఖండ్ కాగితం 17నే మొదలవ్వాలి. రాత్రి రైల్లో గడిపితే ఆ టికెట్టే రుజువు, పారేయొద్దు. ఇక సమర్‌ఖండ్‌లో తమ్ముడి గదిలో ఉంటారనుకుంటే, ఆ ఇంటి యజమానే వీళ్ళని ఎక్కించాలి. చాలామంది పిల్లల తల్లిదండ్రులు ఇరుక్కునేది ఇక్కడే. "మా అబ్బాయి గదేగా, ఎవరడుగుతారు" అనుకుంటారు. జరిమానా తక్కువేం కాదు, గెస్ట్‌హౌస్ అద్దె కంటే చాలా ఎక్కువ. యజమాని ఒప్పుకోకపోతే అక్కడ కూడా గది తీసుకోవడమే మంచిది.

తూర్పు_పడమర
ఇంత హడావిడి దేనికి? అపార్ట్‌మెంట్ తీసుకోండి. అదే డబ్బుకి వంటిల్లు, వాషింగ్ మెషీన్, రెండు గదులు వస్తాయి. మనవాళ్ళకి వండుకోవడమే కదా ముఖ్యం.

క్వార్టల్_నంబరు
@తూర్పు_పడమర నలుగురైదుగురు కుర్రాళ్ళు వారం రోజులుంటే అది మంచి మాటే. ఈ ఇద్దరికి మాత్రం కాదు. మూడు చిక్కులున్నాయి.

ఒకటి, పైన చెప్పిన నమోదు. అపార్ట్‌మెంట్ యజమాని ఈ-మెహ్‌మోన్‌లో ఉన్నాడా, రుసుము ఎవరు కడతారు అన్నది బుకింగ్‌కి ముందే రాతలో తేల్చుకోవాలి. "నో ప్రాబ్లమ్" అని జవాబొస్తే తేల్చినట్టు కాదు. "రిజిస్ట్రేషన్ కాగితం ఇస్తాం" అని సూటిగా రాయించుకోండి.

రెండోది మెట్లు. చౌక ఫ్లాట్లు ఎక్కువగా సోవియట్ కాలపు నాలుగైదు అంతస్తుల బిల్డింగుల్లో ఉంటాయి, వాటికి లిఫ్టుండదు. ఫోటోలో కొత్త టైల్స్, తెల్ల సోఫా కనిపిస్తాయి, మెట్లు కనిపించవు. అంతస్తు ఎన్నో అడగండి. అక్కడ మొదటి అంతస్తు అంటే మన గ్రౌండ్ ఫ్లోర్, రెండోది అంటే మన ఫస్ట్ ఫ్లోర్.

మూడోది చిరునామా. చిలోన్జోర్, యూనుసాబాద్ లాంటి పేటలు వీధి పేర్ల మీద కాకుండా క్వార్టల్ (ఇళ్ళ బ్లాకు) నంబర్ల మీద నడుస్తాయి. పేట, క్వార్టల్, ఇల్లు, గుమ్మం, ఫ్లాట్ అని ఐదు మెట్ల చిరునామా. క్వార్టల్ నంబరు లేకుండా "చిలోన్జోర్ 12వ ఇల్లు" అంటే అలాంటివి ప్రతి క్వార్టల్‌లోనూ ఒకటుంటుంది. గుమ్మానికి కోడ్ తాళం, ఆ కోడ్ ఫోన్‌లో రావాలి, తెల్లవారుజామున 3కి యజమాని ఫోన్ ఎత్తాలి. పెద్దవాళ్ళని అంత దూరం పంపి ఈ పరీక్ష పెట్టకండి.

పాలమూరు_పిల్లగాడు
గీ ఊర్ల గది జూసేటప్పుడు "సెంటర్ నుంచి ఎంత దూరం" అన్నది నమ్మకురి అన్నా. 1966 ఏప్రిల్ 26 భూకంపం తర్వాత ఊరి నడుమ భాగం మస్తు వెడల్పు రోడ్లతోటి మల్ల కట్టిండ్రు. యాప్‌ల 1.5 కిలోమీటర్లు అని ఉంటది, నడిస్తె ఎనిమిది వరుసల రోడ్లు దాటుకుంట పోవాలె. చూడాల్సింది మెట్రో స్టేషన్ ఎంత దూరమని. 600 మీటర్ల లోపల ఉంటె తీస్కోరి, లేకపోతె వద్దు.

ఏ స్టేషన్ దగ్గరంటే:

చోర్సూ పక్కకు పాత ఊరు, మట్టిగోడల సందులు, వాకిలి నడుమ చెట్టున్న ఇండ్లు. గెస్ట్‌హౌసులు 20 నుంచి 35 డాలర్లల్ల దొరుకుతయి. బజారు పక్కనే. గదులు చానామటుకు కిందనే ఉంటయి, అమ్మకు మెట్లు తప్పుతయి. గని సందులల్లకు కారు రాదు, ఆఖరి 100, 200 మీటర్లు పెట్టెలు గుంజుకపోవాలె. కొన్ని గదులకు బాత్రూం బయట. బుకింగ్‌ల "ప్రైవేట్ బాత్రూం" అన్న మాట చాలదు, గది లోపల్నా, వాకిట్ల వేరేగనా అని అడగాలె.

ఓయ్‌బెక్, మింగ్ ఓరిక్ ఒకదానికొకటి కలిసిన స్టేషన్లు, రెండు లైన్లు దొరుకుతయి. మిరాబాద్ బజారు, హోటళ్ళు, మందుల షాపులు దగ్గర్నే. చిన్న హోటళ్ళు 35 నుంచి 50. బడ్జెట్ కొంచెం దాటుతది.

తాష్కెంట్ స్టేషన్, అంటే ఉత్తర రైల్వే స్టేషన్ ముంగట. పొద్దుగాల రైలున్నోళ్ళకు ఆఖరి రాత్రి ఒక్కటి ఆడ ఉంటె మంచిదే, నాలుగు రాత్రులు మాత్రం వద్దు, సాయంత్రం చూసుడానికి ఏం లేదు.

చిలోన్జోర్ దిక్కు చౌక, మెట్రో కూడ ఉంది, గని పైన ఆయన చెప్పిన క్వార్టల్ గోల.

రాదారి_బెజవాడ
@పాలమూరు_పిల్లగాడు మెట్రో బాగానే ఉంటుందిగానీ మోకాళ్ళ నొప్పులన్నారు కదా. 1977లో మొదలైన పాత లైన్ స్టేషన్లలో లిఫ్టులు ఉండవు, చాలాచోట్ల మెట్లే. పైగా లోపలికి పోయేటప్పుడు సంచీలు స్కాన్ చేస్తారు. పగటిపూట ఒకటి రెండు స్టేషన్లు చూడటానికి ఎక్కించండి. కాస్మోనావ్ట్‌లార్, అలీషేర్ నవాయీ చూసి తీరాల్సినవి, ఫోటోలు 2018 నుంచి తీసుకోనిస్తున్నారు. మిగతా తిరుగుడుకి యాండెక్స్ గో టాక్సీ. ఊళ్ళో మామూలు దూరాలకి 15 నుంచి 30 వేల సోములు (అక్కడి కరెన్సీ), అంటే మన వంద, రెండు వందల రూపాయలు.

ఆ యాప్ ఢిల్లీలో ఎక్కేలోపే పెట్టించి, ఇండియా నంబరుకొచ్చే ఓటీపీతో నమోదు చేసేయండి. అక్కడ దిగాక ఎస్సెమ్మెస్ కోసం చూస్తూ నిలబడితే చుట్టూ "టాక్సీ, టాక్సీ" అంటూ చేరేవాళ్ళు యాప్ ధరకి నాలుగైదు రెట్లు అడుగుతారు. విమానాశ్రయం ఊరికి ఏడెనిమిది కిలోమీటర్లే. యాప్ కారు కొన్నిసార్లు గేటు దాకా రాదు, పార్కింగ్ దాటి రోడ్డు వైపు నడవాలి, కాబట్టి ట్రాలీ వదిలేయకుండా తోసుకుపొమ్మనండి.

చిల్లర_లెక్క
డబ్బు సంగతి చెప్తాను. డాలరుకి సుమారు 12 వేల సోములు. గది 30 డాలర్లయితే రాత్రికి 3 లక్షల 60 వేలు, 5 రాత్రులకి 18 లక్షలు. పెద్ద నోటు 2 లక్షలది. సున్నాలు చూసి పెద్దవాళ్ళు కంగారు పడతారు. చివరి మూడు సున్నాలు తీసేసి 7తో గుణిస్తే కొద్ది తేడాలో రూపాయలొస్తాయని చెప్పి పంపండి. 30 వేల సోములంటే 210 రూపాయలు, అసలు ధర దానికి పది పన్నెండు రూపాయలు అటూఇటూ.

యాప్‌లో కనపడే ధరలో పర్యాటక రుసుము కలిసిందో లేదో చూడండి. అది గదికి కాదు, మనిషికి, రాత్రికి. హోటల్లో గదుల సంఖ్యను బట్టి మారుతుంది. ఇద్దరికి 5 రాత్రులంటే పదిసార్లు పడుతుంది. "పన్నులు కలిపి" అని రాసి ఉన్నా కౌంటర్‌లో విడిగా అడిగే చోట్లున్నాయి. ముందే సందేశంలో అడిగి జవాబు దాచుకుంటే వాదన ఉండదు.

కార్డుతో కడితే మెషీన్ "రూపాయల్లోనా, సోముల్లోనా" అని అడుగుతుంది. ఎప్పుడూ సోములే నొక్కాలి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్ళది, నష్టం మనది. వీసా, మాస్టర్‌కార్డ్ చెరొకటి ఉంచుకోండి, ఒక ఏటీఎం ఒప్పుకోకపోతే రెండోది పనికొస్తుంది. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి, పరిమితి కూడా పెంచండి, సున్నా దగ్గరే ఉంటుంది చాలామందికి. చిన్న గెస్ట్‌హౌసులు నగదే అడుగుతాయి. డాలర్లు పట్టుకెళ్తే మడతలు, రాతలు, చిరుగులు లేని కొత్త నోట్లే తీసుకెళ్ళండి. సిరా చుక్క ఉన్న నోటుని బ్యాంకు తిప్పి పంపేస్తుంది.

దోసావకాయ
తిండి గురించి నేను చెప్పాలి. "వెజిటేరియన్" అన్న మాట అక్కడ మాంసం ముక్క కనపడకపోతే చాలన్న లెక్కలో నడుస్తుంది. గుమ్మడికాయ సమోసా, వాళ్ళు సోమ్సా అంటారు, చూడటానికి మనకి సరిపోయేదే. కానీ దాని లోపల గొర్రె తోక కొవ్వు ముక్కలు వేయడం మామూలు. దాన్ని దుంబా అంటారు. ఆవిరి మీద ఉడికించే కుడుముల్లాంటి గుమ్మడి మంతీలోనూ అంతే. పలావు సంగతి చెప్పక్కర్లేదు, మాంసం ఏరేసి పెడతారు, అన్నం ఉడికింది ఆ కొవ్వులోనే. లగ్మాన్ నూడుల్స్ రసం మాంసానిదే. "గోష్త్‌సిజ్", అంటే మాంసం లేకుండా, అని చెప్తే సరిపోదు, "దుంబా హమ్ యోక్", అంటే ఆ కొవ్వు కూడా లేకుండా, అని కూడా అనాలి. ఇది రష్యన్, ఉజ్బెక్ రెండిట్లో కాగితం మీద రాయించి ఇవ్వండి.

నిశ్చింతగా తినగలిగేవి: తందూరు గోడకి కాల్చే ఓబీ నాన్. పాతిర్ అనే మందపాటి రొట్టెలో కొవ్వు కలుపుతారు, అది వద్దు. టమాటా ఉల్లిపాయ అచ్చిక్-చుచుక్ సలాడ్. బజారులో దొరికే కతిక్, అది అచ్చంగా మన గడ్డపెరుగే, కాస్త పులుపు ఎక్కువ. దాన్నే వడకట్టింది సుజ్మా. అక్టోబరు కాబట్టి ద్రాక్ష, దానిమ్మ, ఖర్బూజా కారుచౌక.

అందుకే గది ఎంచుకునేటప్పుడు వంటిల్లు వాడుకోనిస్తారా అని అడగండి. చోర్సూ గెస్ట్‌హౌసుల్లో చాలామంది ఒప్పుకుంటారు, కరెంటు పొయ్యి ఉంటుంది. కందిపప్పు ఇక్కణ్ణుంచి కిలో పట్టుకెళ్ళాలి, అక్కడ మామూలు కొట్లలో దొరకదు. పెసలు మాత్రం దొరుకుతాయి, వాళ్ళూ మాష్ అనే అంటారు. బియ్యంలో దేవ్‌జీరా అనే ఎర్రటిది కొనకండి, పలావుకి బాగుంటుందిగానీ గంటల తరబడి నానాలి, పప్పన్నానికి కుదరదు. సూపర్‌మార్కెట్లో బాస్మతి తీసుకోండి. చిన్న కరెంటు కుక్కర్ తీసుకెళ్తే మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో పట్టదు, యూరప్ తరహా అడాప్టర్ కావాలి, సన్నటి ఫోన్ అడాప్టర్ కాదు, 16 ఆంపియర్లది. గదిలో పెట్టి వండొద్దు, పొగ అలారం మోగుతుంది. కుళాయి నీళ్ళు తాగొద్దు, 5 లేదా 10 లీటర్ల డబ్బా కొనుక్కోండి.

తూర్పు_పడమర
హోటల్లో ఉదయం టిఫిన్ ఉంటుంది కదా, దానికో రూపాయి విలువ కట్టరేం?

దోసావకాయ
కట్టొచ్చు. నాన్, ఉడకబెట్టిన గుడ్డు, సాసేజ్, గంజిలాంటి కాషా, దోసకాయ టమాటా ముక్కలు, జామ్, టీ. వీళ్ళిద్దరూ గుడ్డు కూడా తినకపోతే మిగిలేది రొట్టె, జామ్, టీ. దానికోసం 6 డాలర్లు ఎక్కువ పెట్టక్కర్లేదు.

గోదారిగట్టు
గుడ్డు కూడా తినరు. అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు అడుగుతాను. అక్టోబరులో చలి ఎంత? హీటర్ ఉన్న గది తప్పనిసరా? రైలు స్టేషన్ రెండున్నాయని విన్నాను, నిజమేనా?

పాకాల_చెరువు
పగలు 20 డిగ్రీల చుట్టూ హాయిగా ఉంటుంది, తెల్లవారుజామున 8, 10కి పడిపోతుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఊరంతటికీ గొట్టాల్లో వేడినీళ్ళు తిప్పే కేంద్ర తాపన వ్యవస్థ ఉంటుంది. అది ఎప్పుడు మొదలుపెట్టాలో మునిసిపాలిటీ నిర్ణయిస్తుంది, చలి ముదిరాకే. మీరు వెళ్ళే వారంలో రేడియేటర్ చల్లగానే ఉండే అవకాశం ఎక్కువ. "గదిలో హీటింగ్ ఉందా" అంటే ఉందనే చెప్తారు, అబద్ధం కాదు మరి. అడగాల్సింది "ఏసీ వేడి కూడా ఇస్తుందా, ఈ నెలలో పనిచేస్తుందా" అని.

స్నానం నీళ్ళూ అంతే. ఊరి గొట్టం మీద ఆధారపడ్డ చోట మరమ్మతుల పేరుతో రోజుల తరబడి వేడినీళ్ళు ఆపేస్తారు, ఎక్కువగా వేసవిలో. సొంత బాయిలర్ ఉందో లేదో అడగండి. 50 లీటర్ల గీజరయితే ఇద్దరికి వరసగా చాలదు, మధ్యలో అరగంట ఆగాలి.

క్వార్టల్_నంబరు
స్టేషన్లు రెండు, నిజమే. ఉత్తర స్టేషన్ ఊరి మధ్యకి దగ్గర, మెట్రో స్టేషన్ పేరు తాష్కెంటే. అఫ్రాసియాబ్ అనే హైస్పీడ్ రైళ్ళు అక్కణ్ణుంచే, సమర్‌ఖండ్‌కి రెండు గంటల పది నిమిషాలు. దక్షిణ స్టేషన్ ఇంకో మూల, కొన్ని దూరప్రాంతపు రైళ్ళు అక్కణ్ణుంచి కదులుతాయి. టికెట్ మీద "మర్కజీ" అని ఉంటే ఉత్తరం, "జనూబీ" అని ఉంటే దక్షిణం. టాక్సీలో ఊరికే "వొగ్జాల్" (రైల్వే స్టేషన్) అని చెప్తే డ్రైవరు తనకు తోచినదానికి తీసుకెళ్తాడు, యాప్‌లో పిన్ పెట్టాకే ఎక్కండి.

అఫ్రాసియాబ్ టికెట్లు వారాల ముందే అయిపోతాయి. హోటల్ కంటే ముందు అవి కొనండి, దొరికిన రైలుని బట్టి బస తేదీలు సర్దుకోవచ్చు, తిరగేసి చేయలేరు. దొరక్కపోతే షార్క్ రైలు మూడున్నర గంటలు, సీట్లు బాగానే ఉంటాయి. స్టేషన్ ఆవరణలోకి వెళ్ళేటప్పుడే పాస్‌పోర్టు, సామాను చూస్తారు, 40 నిమిషాల ముందుండాలి.

వీసా మర్చిపోకండి. ఈ-వీసా ఒకసారి ప్రవేశానికి 20 డాలర్లు, 30 రోజులు. కనీసం 3 పని దినాలు అంటారు, రెండు వారాల ముందే పెట్టుకోండి. ప్రింటు చేతిలో ఉండాలి.

రాదారి_బెజవాడ
పెద్దవాళ్ళు వాడే నిద్రమాత్రలు, నరాల మందులు ఉంటే డాక్టరు చీటీ ఇంగ్లీషులో, అసలు పెట్టెతో సహా పెట్టుకోవాలి. మత్తు కలిగించే రకాల మీద అక్కడ కస్టమ్స్ గట్టిగా ఉంటుంది. విడి మాత్రలు ప్లాస్టిక్ డబ్బాలో పోసుకెళ్ళొద్దు.

నాన్నగారికి ఆసక్తి ఉంటే లాల్ బహదూర్ శాస్త్రిగారి విగ్రహం, ఆయన పేరున్న వీధి ఉన్నాయి. 1966 జనవరి 11న ఆయన కన్నుమూసింది ఆ ఊళ్ళోనే. ఆ వయసువాళ్ళు అడగకుండానే వెళ్దామంటారు.

గోదారిగట్టు
రెండుకి కుదించాను. మొదటిది ఓయ్‌బెక్ దగ్గర చిన్న హోటల్, 38 డాలర్లు, లిఫ్టుంది, 24 గంటల రిసెప్షన్, టిఫిన్‌తో, వంటకి వీల్లేదు. రెండోది చోర్సూ దగ్గర గెస్ట్‌హౌస్, 27 డాలర్లు, కింది గది, లోపలే బాత్రూం, వంటిల్లు వాడుకోవచ్చు, నగదు మాత్రమే. వాళ్ళు "రాత్రి 3కి గేటు తీస్తాం" అని రాశారు. ఏది?

చిల్లర_లెక్క
5 రాత్రులకి 190, 135. తేడా 55 డాలర్లు. గుడ్డు తినని ఇద్దరికి బయట తిండి వెతుక్కోవడంలో ఇంకా ఖర్చు. రెండోదే.

పాలమూరు_పిల్లగాడు
రెండోదే గని, కారు ఎంత దాక వస్తది అడుగు. సందు మొగదల నుంచి గేటు దాక ఫోటో పంపమను. రాత్రి 3కి పెద్దోళ్ళు చీకట్ల గల్లీల తిరుగొద్దు. ఎవలన్న ఒకలు సందు మొగదలకు వచ్చి తీస్కపోతరా అని అడుగు, మస్తుమంది వస్తరు.

క్వార్టల్_నంబరు
నేనైతే విడగొడతాను. మొదటి రాత్రి ఓయ్‌బెక్, మిగతా నాలుగు చోర్సూ. 38 కి 108 కలిపితే 146, అంటే 11 డాలర్లే ఎక్కువ. అర్ధరాత్రి దిగినవాళ్ళకి లిఫ్టు, వెలుతురు, మనిషి ఉన్న చోటు, పొద్దున 12 దాకా నిద్ర, ఆపైన పగటి వెలుతురులో పెట్టెలతో సందుల్లోకి. చెకౌట్ మధ్యాహ్నం 12 గంటలకి, చోర్సూలో చెకిన్ 2 గంటలకి, మధ్యలో సామాను ఓయ్‌బెక్ రిసెప్షన్‌లోనే వదిలి మిరాబాద్ బజారు చూడొచ్చు. నమోదు కాగితాలు రెండు అవుతాయి, రెండూ తీసుకోవాలి.

పాకాల_చెరువు
ఇలా విడగొడితే రెండో చోట బుకింగ్ 13 నుంచి మొదలవ్వాలి, 12 నుంచి కాదు. చోర్సూ వాళ్ళకి కొత్త తేదీ రాసి, గేటు తీసే మాట రద్దు చెప్పండి, లేకపోతే పాపం ఎవరో 3 దాకా మేలుకుని కూర్చుంటారు. రెండిటికీ ఉచిత రద్దు గడువు ఎప్పటిదాకానో చూసి, బయల్దేరే రెండు రోజుల ముందు ఇంకోసారి సందేశం పెట్టండి. చిరునామా లాటిన్ లిపిలోనూ, సిరిలిక్‌లోనూ స్క్రీన్‌షాట్ తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టండి. వయసైన డ్రైవర్లు చదివేది సిరిలిక్కే.

గోదారిగట్టు
విడగొడుతున్నాం. 17 ఉదయం అఫ్రాసియాబ్‌లో రెండు సీట్లు దొరికాయి, టికెట్ మీద మర్కజీ అనే ఉంది. సమర్‌ఖండ్ ఇంటి యజమానికి నమోదు గురించి రాశాను, జవాబు రావాలి. రాకపోతే అక్కడి గదుల గురించి వేరే చర్చ మొదలుపెడతాను.